రెండు సీసాల సుక్కు కాపీ: శొంఠి ధనియాల పానీయం ఇంట్లో చేసుకునే పద్ధతి, కొట్టు నుంచి గ్లాసు దాకా

సుక్కు కాపీలో కాఫీ పొడి ఉండదు. చెన్నైకి కొత్తగా వచ్చిన మనవాళ్లు పేరు విని పొరబడతారు. తమిళంలో సుక్కు అంటే శొంఠి. శొంఠి, ధనియాలు, మిరియాలు, ఏలకులు నీళ్లలో మరిగించి, తాటిబెల్లం కలిపి, వడగట్టి వేడివేడిగా తాగుతారు. చూడ్డానికి పల్చటి డికాషన్‌లా ఉంటుంది. పాలు అక్కర్లేదు. సాయంత్రం పూట సైకిలు వెనక పెద్ద స్టీలు పాత్ర కట్టుకుని అమ్ముతూ వెళ్లేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు.

మాది నెల్లూరు. వెస్ట్ మాంబళంలో 14 ఏళ్లుగా ఉంటున్నాం. చిన్నప్పుడు దగ్గొస్తే అమ్మ శొంఠి కషాయం ఇచ్చేది. ముక్కు మూసుకుని గుటుక్కున మింగి, మీద బెల్లం ముక్క చప్పరించేవాళ్లం. శొంఠి లేని కషాయం లేదని సామెత ఉండనే ఉంది. ఆ శొంఠినే ఇష్టంగా, గుక్క గుక్కా ఆస్వాదిస్తూ తాగొచ్చని నాకు తెలిసింది మాత్రం ఈ ఊళ్లోనే. కింది ఇంటి పాట్టి (తమిళంలో బామ్మ) మొదటిసారి ఇచ్చిన గ్లాసులో ధనియాల వాసన ముందొచ్చింది, తాటిబెల్లం తీపి తర్వాత తగిలింది, శొంఠి కారం మింగాక గొంతులో నెమ్మదిగా రాజుకుంది. ఆ వరస నా చేత్తో రావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఎక్కడ పోతోందో తెలిశాక పద్ధతి మార్చాను. అదే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మామూలుగా అన్నీ కలిపి ఒకే పొడి కొట్టి సీసాలో పోసుకుంటారు. నేను రెండు సీసాలు పెడతాను. శొంఠి, మిరియాలు ఒక దాంట్లో. ధనియాలు, జీలకర్ర, ఏలకులు ఇంకోదాంట్లో. కారణం చిన్నదే. శొంఠి గట్టి దినుసు. సన్నటి మంట మీద ఏడెనిమిది నిమిషాలు మరిగితేనే దాని కారం నీళ్లలోకి దిగుతుంది, ఆ కారం ఆవిరితో పాటు పోయేది కాదు. ధనియాలు, ఏలకుల సంగతి వేరు. వాటి గొప్పతనమంతా వాసనలోనే ఉంది, అది ఆవిరైపోయే నూనెల్లో ఉంటుంది. వాటినీ శొంఠితో పాటు పది నిమిషాలు మరిగిస్తే వంటిల్లంతా ఘుమఘుమలాడుతుంది, గ్లాసులో మాత్రం ఏమీ మిగలదు. ఇల్లంతా వాసన వచ్చిందంటే బాగా కుదిరిందని నేనూ చాలాకాలం అనుకున్నాను. నిజానికి ఆ వాసన గ్లాసులో ఉండాల్సింది.

కొట్టుకు వెళ్లే ముందు

చెన్నైలో ఈ దినుసులు పచారీ కొట్లో దొరుకుతాయి కానీ, నాట్టు మరుందు కడై అని బోర్డు ఉండే మూలికల కొట్లో కొనడం మేలు. మైలాపూరు, మాంబళం, ట్రిప్లికేన్ లాంటి పాత పేటల్లో అవి ఉంటాయి. ఎక్కువ మొత్తంలో కావాలంటే జార్జ్ టౌన్‌లో గోవిందప్ప నాయకన్ వీధికి వెళ్లొచ్చు. అక్కడ మసాలా దినుసుల టోకు కొట్లు వరసగా ఉంటాయి. పొద్దున్నే వెళ్తే రద్దీ తక్కువ.

పేర్లు తెలిసి వెళ్తే సగం పని అయినట్టే. శొంఠి సుక్కు, పచ్చి అల్లం ఇంజి. ధనియాలను కొత్తమల్లి అనో, క్లుప్తంగా మల్లి అనో అంటారు. మొదటిసారి నేను ధనియాలు అడిగితే కొట్టాయన "మల్లియా?" అన్నాడు. మన చెవికి అది మల్లెపూల మాటే కాబట్టి కాదన్నాను, ఆయన డబ్బా తీసి చూపించాక అర్థమైంది. మిరియాలను మిళగు అంటారు, మిళగాయ్ అంటే మిరపకాయ. ఈ రెండింటి దగ్గరా జాగ్రత్త. ఏలకులు ఏలక్కాయ్. పిప్పళ్లు కావాలంటే అరిసి తిప్పిలి అని అడగాలి. కండందిప్పిలి అంటే మోడి, అంటే పిప్పలి వేరు. చిత్తరత్తై మన దుంపరాష్ట్రం. అతిమధురానికి రెండు భాషల్లోనూ ఒకటే పేరు. తాటిబెల్లం కరుప్పట్టి, తాటి కలకండ పనంకల్కండు. "అన్నా, సుక్కు నూరు గ్రామ్ కొడుంగ" అంటే చాలు, మిగతా మాట ఆయనే కలుపుతాడు.

శొంఠి పొడి కొనకండి, కొమ్ములే కొనండి. పొడిలో ఏం కలిసిందో కంటికి కనపడదు. ఒకసారి వానల్లో తొందరపడి రెడీమేడ్ సుక్కు కాపీ పొడి పొట్లం ఒకటి తెచ్చాను. వేడి నీళ్లలో వేస్తే తీపి తప్ప ఏమీ తెలియలేదు. అప్పుడు పొట్లం వెనక చదివితే మొదటి దినుసు చక్కెర. అప్పటినుంచి కొట్టి ఉన్న పొడి మా ఇంటికి రాలేదు.

మంచి కొమ్మును విరిస్తే టప్‌మని విరగాలి. వంగిందంటే తడి ఉంది, డబ్బాలో బూజు పడుతుంది. విరిచిన చోట లేత పసుపు, బూడిద కలిసిన రంగు, సన్నటి పీచు కనిపించాలి. పైన గుండుసూది గుచ్చినట్టు చిన్న చిన్న బెజ్జాలుంటే పురుగు తొలిచిందన్నమాట. ఒక కొమ్మును అరచేతిలో తట్టి చూడండి. పురుగు పట్టినదైతే పిండిలాంటి నలక రాలుతుంది. పాలిపోయినంత తెల్లగా, పట్టుకుంటే చేతికి పొడి అంటుకునే శొంఠి కూడా ఉంటుంది. నిల్వకోసం సున్నం పట్టించిన రకం అది. అది దొరికితే కడిగి, గీకి, బాగా ఆరబెట్టాకే వాడాలి. నేనైతే సున్నం లేనిదే అడిగి తెచ్చుకుంటాను.

తాటిబెల్లం గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ పానీయం రుచిలో సగం దానిదే. తమిళనాడు రాష్ట్ర వృక్షం తాటిచెట్టు. వేసవిలో చెట్టెక్కి గెలలు గీసి, పులవకుండా లోపల సున్నం పూసిన కుండల్లోకి నీరా దించుతారు. దాన్ని పదనీర్ అంటారు. దాన్ని గంటల తరబడి కాచి, చిక్కబడ్డాక కొబ్బరి చిప్పల్లో పోస్తారు. అందుకే కరుప్పట్టి అచ్చులు అర్ధగోళాల్లా ఉంటాయి. తూత్తుకుడి జిల్లా ఉడన్‌గుడి కరుప్పట్టికి పేరు ఎక్కువ, దానికి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మంచి కరుప్పట్టిని ముక్కు దగ్గర పెట్టుకుంటే కొంచెం పొగ వాసన వస్తుంది, నాలుక మీద తీపితో పాటు సన్నటి ఉప్పదనం తగులుతుంది. చక్కెర కలిపింది మరీ గట్టిగా, విరిస్తే లోపల మెరుపుగా ఉంటుంది. ధర మరీ తక్కువ చెబితే అనుమానించండి. చెట్టెక్కి దించి, కాచి చేసే బెల్లం చవకగా రావడం కుదరదు.

తాటిబెల్లం దొరక్కపోతే మన చెరకు బెల్లం వేసుకోవచ్చు. నల్లబెల్లమైతే ఇంకా నయం. చక్కెర మాత్రం వద్దు. అది వేస్తే శొంఠి ఒంటరిదైపోయి, కారం ముక్కలా విడిగా తగులుతుంది.

కొలతలు

మొదటి సీసాకు శొంఠి 50 గ్రాములు, మిరియాలు 15 గ్రాములు. ఇష్టముంటే పిప్పళ్లు 5 గ్రాములు. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు కలిస్తే ఆయుర్వేదంలో చెప్పే త్రికటుకం. పిప్పళ్లు వేస్తే కారం నాలుక మీద కాక గొంతు వెనక నిలబడుతుంది. పిల్లలున్న ఇంట్లో మానేయండి.

రెండో సీసాకు ధనియాలు 100 గ్రాములు, జీలకర్ర 10 గ్రాములు, ఏలకులు తొక్కతో సహా 5 గ్రాములు.

ఈ లెక్కన రెండు సీసాలూ రెండేసి గ్లాసుల చొప్పున దాదాపు పాతిక సార్లకు వస్తాయి, ఇంచుమించు ఒకేసారి ఖాళీ అవుతాయి. ఇంతకంటే ఎక్కువ చేసి పెట్టుకోవద్దు. వానాకాలం చెన్నై గాలిలో ఎంత బిగించిన మూతైనా రెండు నెలలు దాటితే వాసన తగ్గుతుంది.

శొంఠిని సిద్ధం చేయడం

ఇక్కడి పెద్దవాళ్లు ఒక మాట అంటారు: కరక్కాయకు లోపల విషం, శొంఠికి పైన విషం అని. కరక్కాయలో గింజ తీసేయాలి, శొంఠికి తొక్క తీసేయాలి అని దాని భావం. విషం సంగతి ఎలా ఉన్నా, తొక్క ముడతల్లో మట్టి ఇరుక్కుని ఉంటుంది కాబట్టి గీకడం మంచిదే. చాకు వెనకవైపుతో గీకండి. కొమ్ముల సందుల్లో పాత టూత్‌బ్రష్ బాగా పనిచేస్తుంది. తర్వాత తడిగుడ్డతో తుడిచి, ఎండలో ఒక పూట పెట్టండి. నవంబరులో ఎండ రాదు కదా అంటారా? అట్ల పెనం వేడి చేసి, పొయ్యి ఆపేసి, ఆ పెనం మీద కొమ్ములు పరిచి చల్లారేదాకా వదిలేయండి. ఇలా రెండుసార్లు చేస్తే చాలు.

కొమ్మును నేరుగా మిక్సీలో వేయొద్దు. నేను వేశాను. పది సెకన్లు గడగడమని, తర్వాత వేరే రకం శబ్దం వచ్చింది. తీసి చూస్తే బ్లేడు అంచు విరిగి ఉంది, ఆ ముక్క పొడిలో ఎక్కడుందో వెతకలేక మొత్తం పారబోయాల్సి వచ్చింది. కొమ్ములను పాత నూలుగుడ్డలో మూటకట్టి, రోట్లో పెట్టి, బండతో నాలుగు దెబ్బలు గట్టిగా వేయండి. గుడ్డ ఉంటే ముక్కలు ఎగరవు. శెనగపప్పంత ముక్కలయ్యాక అప్పుడు మిక్సీకి.

వేయించడం

శొంఠిని వేయించక్కర్లేదు. అది ఎండబెట్టిన దినుసు, పచ్చివాసన ఎప్పుడో పోయింది. పచ్చి అల్లంలో ఉండే జింజెరాల్ అనే పదార్థం ఎండేటప్పుడు కొంత షోగాల్‌గా మారుతుంది, అది ఇంకా కారం. శొంఠి అల్లం కంటే ఘాటుగా ఉండడానికి ఒక కారణం అదే. దాన్ని మళ్లీ వేయిస్తే చేదు వచ్చే ప్రమాదమే తప్ప లాభం లేదు.

మిరియాలు రెండు నిమిషాలు, సన్నటి మంట. ఒకటి రెండు చిటపటమనగానే దించేయండి.

ధనియాల దగ్గర ఓపిక పట్టండి. అడుగు మందంగా ఉన్న మూకుడు, సన్నటి మంట, చెయ్యి ఆపకుండా కలపాలి. మొదటి రెండు నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది. మూడో నిమిషంలో నారింజ తొక్క గిల్లినట్టు ఒక వాసన లేస్తుంది. నాలుగో నిమిషానికి గింజ రంగు ఒక్క వాసి మారుతుంది, ఆకుపచ్చ పోయి తేనె రంగు వస్తుంది. ఒక గింజ పంటి కింద వేసి కొరికితే కరుక్కుమనాలి. అప్పుడే దించి, వెంటనే వెడల్పు పళ్లెంలోకి వంపాలి. ఎర్రబడేదాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే, ఎందుకంటే మూకుడు వేడికి అవి ఇంకా వేగుతూనే ఉంటాయి. సాంబారు పొడికి ఆ రంగు బాగుంటుందేమో కానీ, ఇక్కడ చేదు తగులుతుంది. జీలకర్రను అదే మూకుడులో, మంట ఆపేశాక, ఆ వేడితోనే ఒక నిమిషం తిప్పితే సరిపోతుంది. ఏలకులు వేయించొద్దు.

అన్నీ పూర్తిగా చల్లారాలి. గోరువెచ్చగా ఉండగా మిక్సీలో వేస్తే చెమ్మ పట్టి పొడి ముద్దకడుతుంది.

పొడి కొట్టడం

రెండూ రవ్వలా ఉండాలి, మైదాలా కాదు. ఇది నేను గట్టిగా పట్టుబట్టే విషయం. మెత్తటి పొడి వడకట్టుకు ఆగదు. గ్లాసు అడుగున బురదలా చేరుతుంది, గొంతులో గరగర అంటుంది. దగ్గుతున్న మనిషికి అది ఇంకా దగ్గు తెప్పిస్తుంది. మిక్సీని ఒక్కసారిగా తిప్పకుండా, రెండు సెకన్లు తిప్పి ఆపి, జారు కదిపి, మళ్లీ తిప్పండి. ఇలా ఏడెనిమిది సార్లు. ఏకధాటిగా తిప్పితే జారు వేడెక్కి ఏలకుల వాసన అక్కడే పోతుంది.

శొంఠి ఎంత కొట్టినా కొంత పీచు మిగులుతుంది. పారేయకండి, అదీ సీసాలోనే వేయండి. మరిగేటప్పుడు దాని సారమూ దిగుతుంది, వడకట్టినప్పుడు పీచు ఆగిపోతుంది.

గాజు సీసాలు వాడండి. పూర్తిగా పొడిగా ఉండాలి. చెంచా లోపలే పెట్టి ఉంచకండి. మరుగుతున్న గిన్నె మీదుగా సీసా వంచి పొడి వేసే అలవాటు చాలామందికి ఉంటుంది. ఆ ఆవిరి సీసాలోకి పోతుంది, వారంలో పొడి గడ్డకడుతుంది. చెంచాతో తీసుకుని, మూత పెట్టి, అప్పుడు పొయ్యి దగ్గరికి రండి.

తాటిబెల్లం పాకం

కరుప్పట్టిని ఎప్పుడూ నేరుగా వేయకండి. 250 గ్రాములు చితక్కొట్టి, అర కప్పు నీళ్లు పోసి, సన్నటి మంట మీద కరిగించండి. పాకం పట్టనక్కర్లేదు, కరిగితే చాలు. పల్చటి బట్టలో వడగట్టి, పది నిమిషాలు కదపకుండా ఉంచి, పైది మెల్లగా వేరే సీసాలోకి వంచండి. అడుగున ఒక చెంచాడు మిగులుతుంది. దాన్ని తెల్ల పళ్లెంలో పోసి చూడండి: ఇసుక రేణువులు, సన్నటి సున్నపు పొడి, కొబ్బరి చిప్ప పీచు. ఇది కల్తీ కాదు, చేసే తీరు వల్ల వచ్చేదే. కానీ తాగే గ్లాసులో ఉండకూడదు. పాకం ఫ్రిజ్‌లో వారం పది రోజులు బాగుంటుంది.

కాచడం

రెండు గ్లాసులకు చెబుతున్నాను.

అర లీటరు నీళ్లు మరగనివ్వండి. మొదటి సీసాలోంచి ఒక టీ చెంచా శొంఠి మిరియాల పొడి వేయండి. వేయగానే నురగ పైకి వస్తుంది, మంట తగ్గించండి. సన్నటి మంట మీద, మూత సగం పెట్టి, 7 లేదా 8 నిమిషాలు. ఈ లోపు నీళ్లు లేత గోధుమ రంగుకు తిరుగుతాయి, అర లీటరు కాస్తా రెండు గ్లాసులకు వస్తుంది. మూత తీసి వాసన చూస్తే ముక్కు లోపల చురుక్కుమనాలి.

ఇప్పుడు రెండో సీసాలోంచి రెండు టీ చెంచాలు. ఒక్క పొంగు రానిచ్చి పొయ్యి ఆపేయండి. మూత పూర్తిగా బిగించి నాలుగు నిమిషాలు వదిలేయండి. ఈ నాలుగు నిమిషాలూ మూత తీయొద్దు. తీసి చూడాలనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది. మూత లోపలివైపు చేరిన నీటి చుక్కల్లో ధనియాల నూనె ఉంటుంది. మూత తీసేటప్పుడు ఆ చుక్కలు సింకులోకి కాకుండా గిన్నెలోకి జారేలా వంచండి.

ఒక్కో గ్లాసులో ముందు ఒకటిన్నర పెద్ద చెంచా బెల్లం పాకం పోసి, దాని మీదికి వడగట్టండి. చెంచాతో కలపకుండా రెండు గ్లాసుల మధ్య ఒకసారి ఇటూ అటూ పోయండి, ఫిల్టర్ కాఫీకి పోసినట్టు. తీపీ కలుస్తుంది, తాగగలిగే వేడికీ వస్తుంది.

ఆ వేడి గురించి ఒక మాట. పొగలు కక్కేదాన్ని తాగితేనే గొంతు సర్దుకుంటుందని కొందరి నమ్మకం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలను అన్నవాహిక క్యాన్సర్‌కు బహుశా కారణమయ్యే వాటి జాబితాలో చేర్చింది. స్టీలు గ్లాసును వేళ్లతో హాయిగా పట్టుకోగలిగితే తాగొచ్చు. పట్టుకోలేకపోతే ఇంకా ఆగాలి.

తేడా వస్తే ఎక్కడ వెతకాలి

చేదుగా ఉంటే ధనియాలు మాడాయి, లేదా మిరియాలు ఎక్కువ వేగాయి. ఆ సీసాను బాగుచేయలేం, కొత్తది కొట్టుకోవాలి. వాసన లేకపోతే రెండో పొడి వేశాక ఎక్కువ మరిగించి ఉంటారు. మరీ ఘాటుగా ఉంటే వేడి నీళ్లు కలపండి, బెల్లం పెంచకండి. బెల్లం పెంచితే కారం తగ్గదు, తీపి కారం రెండూ ఎక్కువై వెగటు పుడుతుంది. రెండు మూడు చుక్కల నిమ్మరసం మాత్రం ఘాటును విరుస్తుంది, కాకపోతే అది తాగేముందు పిండాలి.

పాలు కావాలంటే

సుక్కు కాపీలో పాలు పోయడం నాకు ఇష్టం లేదు, ధనియాల వాసన అణిగిపోతుంది. పాలే కావాలనిపించిన రాత్రి మిరియాల పాలు చేసుకుంటాను. గ్లాసు పాలు, పావు గ్లాసు నీళ్లు, పావు టీ చెంచా పసుపు, అప్పటికప్పుడు దంచిన ఎనిమిది పది మిరియాలు. నాలుగు నిమిషాలు మరగాలి, లేకపోతే పసుపు పచ్చివాసన పోదు. దించి, రెండు మూడు నిమిషాలు ఆగి, అప్పుడు తాటి కలకండ రెండు చెంచాలు. మరుగుతున్న పాలలో బెల్లం వేస్తే విరిగే అవకాశం ఉంది. కలకండతో ఆ భయం తక్కువ.

పచ్చి అల్లం వేయాలనుకుంటే ముందు నీళ్లలో విడిగా మరిగించి, తర్వాత కాగిన పాలు కలపండి. అల్లంలో పాలను తోడుపెట్టినట్టు గట్టిపరిచే ఎంజైమ్ ఒకటి ఉంది, మరిగితే అది చచ్చిపోతుంది. పాలు పాతవని పాలవాడిని తిట్టుకునే చాలాసార్లు తప్పు అల్లానిదే.

పసుపు, మిరియాల జోడీ గురించి వాట్సాప్‌లో చాలా తిరుగుతుంది. దాని వెనక నిజమైన పరిశోధన ఒకటి ఉంది. బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వాళ్లు 1998లో ప్రచురించిన దాని ప్రకారం, మిరియాల్లోని పిపరిన్ తోడైతే పసుపులోని కర్క్యుమిన్ ఒంటికి పట్టడం ఎన్నో రెట్లు పెరిగింది. కానీ వాళ్లు ఇచ్చింది 2 గ్రాముల శుద్ధమైన కర్క్యుమిన్. మన గ్లాసులో పావు చెంచా పసుపులో ఉండేది అందులో చాలా చిన్న భాగం. హాయిగా ఉంటుందని తాగండి, మందని లెక్కేసుకోకండి.

ఇంట్లో కుండీలో వామాకు ఉంటే ఇంకో తేలిక దారి. ఇక్కడ దాన్ని కర్పూరవల్లి, ఓమవల్లి అంటారు. అంగుళం అల్లం దంచి గ్లాసున్నర నీళ్లలో ఆరేడు నిమిషాలు మరిగించి, పొయ్యి ఆపాక మూడు వామాకులు, గుప్పెడు తులసి చేత్తో తుంచి వేసి, మూతపెట్టి ఐదు నిమిషాలు. గోరువెచ్చబడ్డాక తేనె.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి

వేడి పానీయం జలుబుకు ఎంతవరకు పనిచేస్తుందో 2008లో బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయం వాళ్లు చిన్న పరీక్ష చేసి చూశారు. ఒకే పళ్లరసం వేడిగా ఇస్తే గొంతునొప్పి, చలి, నీరసం వెంటనే తగ్గినట్టు జలుబుతో ఉన్నవాళ్లు చెప్పారు. చల్లారినదానికి ఆ మూడూ తగ్గలేదు. ముక్కులోంచి గాలి ఎంత ఆడుతోందో కొలిచి చూస్తే మాత్రం తేడా లేదు. అంటే ఉపశమనం నిజమే, రోగం తగ్గడం వేరు. నాకు ఈ తేడా ముఖ్యం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నైలో వానలతో పాటు దోమలూ, డెంగీ కూడా వస్తాయి. జ్వరం ఉంటే కషాయాలతో రోజులు నెట్టకండి, డాక్టరు దగ్గరికి వెళ్లి రక్తపరీక్ష చేయించుకోండి. సుక్కు కాపీ దాని పక్కన తాగొచ్చు, దాని బదులు కాదు.

ఏడాది లోపు పిల్లలకు తేనె చుక్క కూడా పెట్టకూడదు. గొంతు కోసం అతిమధురం వేసుకునేవాళ్లు బీపీ ఉంటే మానాలి, రోజూ వాడితే అది బీపీ పెంచుతుంది. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు శొంఠి, పసుపు రోజూ తీసుకునే ముందు డాక్టరును అడగాలి. కడుపులో మంట ఉన్నవాళ్లు పరగడుపున తాగొద్దు. షుగరు ఉన్నవాళ్లకు తాటిబెల్లం మంచిదని ఎవరు చెప్పినా నమ్మకండి, అదీ చక్కెరే. మా మామగారికి బెల్లం లేకుండా, ఏలకులు రెండు ఎక్కువ వేసి ఇస్తాను. ధనియాల్లో ఉన్న సహజమైన తీపి అప్పుడు తెలుస్తుందని ఆయనే అన్నారు.

ఇరవై మందికి చేయాలంటే

నీళ్లు నాలుగున్నర లీటర్లు, మొదటి పొడి 8 చెంచాలు, రెండో పొడి 18 చెంచాలు, కరుప్పట్టి 400 గ్రాములు. శొంఠిని సరిగ్గా పది రెట్లు వేయకూడదు. పెద్ద గిన్నెలో నీళ్లు కాగడానికీ, మరగడానికీ ఎక్కువసేపు పడుతుంది కాబట్టి సారం ఎక్కువ దిగుతుంది. మరిగించేది 12 నిమిషాలు, మూతపెట్టి ఉంచేది 6 నిమిషాలు.

ఈ లెక్క నేర్పింది 2023 డిసెంబరు. మిచౌంగ్ తుపాను చివరికి మన బాపట్ల దగ్గర తీరం దాటింది కానీ, దాటే ముందు చెన్నైని ముంచేసింది. మా వీధిలో మోకాళ్ల దాకా నీళ్లు, కరెంటు లేదు, పాల ప్యాకెట్టు ఎక్కడా దొరకలేదు. టీకీ కాఫీకీ దారి లేదు. గ్యాసు ఉంది, బిందెల్లో పట్టిన మంచినీళ్లున్నాయి, రెండు సీసాలూ నిండుగా ఉన్నాయి. కింది ఇల్లు నీళ్లపాలై పాట్టి మా ఇంటికి వచ్చేశారు. పెద్ద గిన్నె లేకపోతే ఏం, ఇడ్లీ పాత్ర తీయమన్నారు. కొవ్వొత్తి పక్కన కూర్చుని ఎంత పొడి వెయ్యాలో ఆవిడ వేళ్లతో చెబుతుంటే నేను వేశాను. మెట్ల మీద కూర్చున్నవాళ్లందరికీ గ్లాసులు చాలక గిన్నెల్లో కూడా పోశాం. పాట్టి ఆఖరున తాగి, "మల్లి ఇంకో చెంచా పడాల్సిందమ్మా" అన్నారు. పైన రాసిన 18 చెంచాల్లో ఆ ఒక్కటీ కలిపే ఉంది.